2002 ప్రపంచకప్‌కు వెళ్లినప్పుడు మీ ఫోను పనిచేసిందా?

వసుధ: 2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను కొరియా, జపాన్ కలిసి నిర్వహించాయి. మూడో తరం (3జీ) మొబైల్ నెట్‌వర్క్ పద్ధతుల్లో కొరియా సీడీఎంఏ2000ను, జపాన్ డబ్ల్యూ-సీడీఎంఏను లోకానికి గొప్పగా చూపించుకున్నాయని చదివాను. అప్పుడు అక్కడున్నవారు ఏం చూశారో చెప్పండి.

శ్రీధర్: నేను సియోల్‌లో ఉద్యోగం చేసేవాణ్ని. హైదరాబాద్‌లో వాడిన జీఎస్‌ఎం (సిమ్ వేసి వాడే మొబైల్ పద్ధతి) ఫోను ఇంచాన్ విమానాశ్రయంలో దిగగానే మూగబోయింది. అప్పట్లో ఆ రెండు దేశాల్లోనూ జీఎస్‌ఎం నెట్‌వర్కే లేదు మరి. అక్కడే ఒక ఫోను అద్దెకు తీసుకుని, నా సిమ్ అందులో వేద్దామని వెనక మూత తీశాను. బ్యాటరీ కింద సిమ్ పెట్టే చోటే లేదు! కొరియా ఫోన్లలో నంబరు ఫోనులోనే ఉండేది. ఇంటివాళ్ల నంబర్లన్నీ పాత ఫోనులో చూసి కాగితం మీద రాసుకున్నాను.

వేగం మాత్రం నిజం. ఆ జనవరిలోనే అక్కడ ఈవీ-డీవో, అంటే సీడీఎంఏ2000లో డేటాను వేగంగా పంపే పద్ధతి, మొదలైంది. గరిష్ఠ వేగం సెకనుకు 2.4 మెగాబిట్లు. జపాన్ డబ్ల్యూ-సీడీఎంఏ సేవ అయిన ఫోమాకు అది 384 కిలోబిట్లే. సహోద్యోగి అరచేతిలో, చిన్న రంగుల తెర మీద వీడియో కదులుతుంటే నోట మాట రాలేదు.

హరిణి: శ్రీధర్ గారూ, మీ అద్దె ఫోను జపాన్‌లో నేనున్న యొకొహామాకు తెచ్చినా పనిచేసేది కాదు. జపాన్‌లోనూ ఒక సంస్థకు సీడీఎంఏ ఉండేది. కానీ 800 మెగాహెర్ట్జ్‌లో ఫోను పంపే తరంగాలు, అందుకునే తరంగాలు అక్కడ తలకిందులు. పేరు ఒకటే అయినా సంకేతం కలవదు. ఫోమా 2001 అక్టోబరు 1నే వచ్చినా, నా చుట్టూ అందరివీ పాత పీడీసీ (జపాన్ రెండో తరం పద్ధతి) ఫోన్లే. జనం నిజంగా మురిసిపోయింది కెమెరా ఫోనుతో ఫొటో తీసి పంపుకోవడానికి. అది ఆ పాత నెట్‌వర్క్ మీదే నడిచేది. అందుకే ప్రదర్శనల కంటే ఆ ఫొటోలే నాకు గుర్తున్నాయి.

ప్రసాద్: 2008 ఒలింపిక్స్‌కు బీజింగ్ వెళ్లాను. చైనా తన సొంత మూడో తరం పద్ధతి టీడీ-ఎస్‌సీడీఎంఏను ఏప్రిల్ 1నే 8 నగరాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. పంపడానికీ అందుకోవడానికీ అది ఒకే తరంగాన్ని, కాలాన్ని ముక్కలుగా పంచి వంతులవారీగా వాడేది. ఆ నంబర్లు 157తో మొదలయ్యేవి. నాకు మాత్రం దాని అవసరమే పడలేదు. అక్కడ జీఎస్‌ఎం ఉంది కనుక, మన సిమ్‌తోనే రోజూ అమ్మతో మాట్లాడాను. విదేశీ అతిథికి కావలసింది అదే కదా!

వసుధ: శ్రీధర్ గారూ, మీరు నంబర్లు రాసుకున్న ఆ కాగితం ఇంకా ఉందా?

శ్రీధర్: ఉందండీ, పాత పాస్‌పోర్టులో మడిచి పెట్టాను. మా నాన్నగారి ల్యాండ్‌లైన్ నంబరే మొదటిది. రేపు ఫొటో తీసి పెడతాను.