ఫ్రెండ్ జ్ఞాపకంగా చందాలు, నా ఫోన్‌పేకే వేయించుకోవచ్చా?

మావాడు పోయి ఏడాది కావస్తోంది. టెన్త్‌లో రెండుసార్లు లెక్కలు తప్పి ఓపెన్ స్కూల్లో గట్టెక్కినవాడు, ఉద్యోగం వచ్చాక ఆదివారాలు అంబర్‌పేటలో మేడ మీద, బళ్లో వెనకబడ్డ పిల్లలకు చపాతీలు ముక్కలు చేసి మరీ భిన్నాలు చెప్పేవాడు. ఆ క్లాసు ఆగకూడదని మా బాధ. డబ్బులు నా ఫోన్‌పేకే పంపమంటే సరిపోతుందా?

జవాబు: వద్దు బాస్. రేపు లెక్క అడిగితే స్నేహాలు చెడతాయి. 80జీ (విరాళమిచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉన్న ట్రస్టు ద్వారా తీసుకోండి, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు మినహాయింపూ వస్తుంది, కాకపోతే 2000 దాటి నగదుగా ఇస్తే రాదు.

జవాబు: ముందు దేనికి ఖర్చుపెడతారో తేల్చుకోండి. నన్నడిగితే టీచర్ జీతం, ఓపెన్ స్కూల్ ఫీజులు. ఎన్‌ఐఓఎస్‌లో (అంటే జాతీయ ఓపెన్ స్కూల్లో) టెన్త్‌కి 14 ఏళ్లు నిండాలి, ఒకసారి చేరితే 5 ఏళ్లలో 9 సార్లు రాయొచ్చు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. భయపడే పిల్లలకు అదే పెద్ద ఊరట.

జవాబు: ట్యాంక్‌బండ్ మీద రన్ పెడదామని ఎవడో ఒకడు అంటాడు, వినకండి. మేం పెట్టాం, సగం డబ్బు టీషర్టులకే పోయింది.

అడిగినవాడు: హహ, టీషర్టుల మాట నిన్ననే వచ్చింది! క్యాన్సిల్. మావాడి అమ్మగారిని ఇంకా అడగలేదు, ముందు ఆ పని చూస్తా.