మిక్సర్‌లోని ఛానళ్లను కంప్యూటర్‌లో వేర్వేరు ట్రాకులుగా రికార్డు చేయడం ఎలా?

ప్రశ్న

నా దగ్గర 12 ఛానళ్ల అనలాగ్ మిక్సర్, 8 లైన్ ఇన్‌పుట్‌లున్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నాయి. మిక్సర్ మెయిన్ అవుట్‌పుట్‌ను ఇంటర్‌ఫేస్‌కు కలిపి రికార్డు చేస్తే గాత్రం, గిటారు, డ్రమ్స్, కీబోర్డు అన్నీ ఒకే స్టీరియో ట్రాకుగా వస్తున్నాయి. తర్వాత గాత్రాన్ని మాత్రమే పెంచుదామంటే వీలు కావడం లేదు. మైక్ ఛానళ్లకు ఇన్సర్ట్ జాకులు (బయటి పరికరాన్ని ఛానల్ మధ్యలో కలిపే సాకెట్లు) ఉన్నాయి గాని, ఒక్కో ఛానల్ సిగ్నల్‌ను విడిగా బయటికిచ్చే డైరెక్ట్ అవుట్‌లు లేవు. కేబుళ్లను ఎలా కలపాలో దయచేసి వివరించగలరు.

సమాధానం 1

మెయిన్ అవుట్‌పుట్ దగ్గరికి వచ్చేసరికి ఛానళ్లన్నీ ఎడమ, కుడి అనే రెండు సిగ్నళ్లుగా కలిసిపోతాయి కాబట్టి, ప్రతి ఛానలునూ అవి కలవకముందే పట్టుకోవాలి. మీ మిక్సర్‌లో అందుకు తగిన చోటు ఇన్సర్ట్ జాకే.

ఆ ఒక్క జాక్‌లోనే సాధారణంగా టిప్ (ప్లగ్గు కొన) మీదుగా సిగ్నల్ బయటికి వస్తుంది, రింగ్ (కొన వెనకున్న ఉంగరంలాంటి భాగం) మీదుగా తిరిగి లోపలికి వెళ్తుంది. మామూలు మోనో ప్లగ్గును పూర్తిగా నెడితే సిగ్నల్ ఇంటర్‌ఫేస్‌కు చేరుతుంది గాని మిక్సర్‌లో ముందుకు సాగదు, స్పీకర్లలో వినిపించదు. అందుకని మిక్సర్ వైపు టీఆర్‌ఎస్ ప్లగ్గులో (టిప్, రింగ్, స్లీవ్ అనే మూడు భాగాలున్న ప్లగ్గు) టిప్‌నూ రింగ్‌నూ కలిపి సోల్డర్ చేసి, రెండో చివర మోనో ప్లగ్గు పెట్టిన కేబుళ్లు చేయించుకోండి. మోనో ప్లగ్గును మొదటి క్లిక్ వరకే పెట్టే పద్ధతి కూడా చాలా మిక్సర్లలో పనిచేస్తుంది. కానీ కేబుల్ కాస్త కదిలినా కాంటాక్ట్ తప్పిపోతుంది కనుక, మళ్లీ పాడించలేని రికార్డింగ్‌కు నేను దాన్ని సిఫారసు చేయను.

రెండో చివరను లైన్ ఇన్‌పుట్‌కే పెట్టండి. మైక్ సిగ్నల్‌ను పెంచే పని మిక్సర్‌లోని ప్రీఆంప్ అప్పటికే చేసి ఉంటుంది. దాన్ని మళ్లీ మైక్ ఇన్‌పుట్‌లోకి పంపితే శబ్దం పగిలిపోతుంది. ఇన్సర్ట్ అనేది ఫేడర్‌కు (ఛానల్ శబ్దాన్ని పెంచి తగ్గించే స్లైడర్‌కు) ముందే ఉంటుంది కాబట్టి రికార్డింగ్ స్థాయిని గెయిన్ నాబ్‌తోనే సరిచేసుకోవాలి. 24 బిట్‌లో అత్యధిక స్థాయి మైనస్ 12 డీబీఎఫ్‌ఎస్ (డిజిటల్ గరిష్ఠ స్థాయికి 12 డెసిబెల్స్ కింద) ప్రాంతంలో ఉంటే చాలు.

సమాధానం 2

కీబోర్డు విషయం ఒకటి చేరుస్తాను. మిక్సర్లలో స్టీరియో ఛానళ్లకు ఇన్సర్ట్ ఉండటం అరుదు. కీబోర్డు ఇచ్చేది లైన్ స్థాయి సిగ్నలే కాబట్టి, దాన్ని నేరుగా ఇంటర్‌ఫేస్‌లోని రెండు లైన్ ఇన్‌పుట్‌లకు కలిపేయడమే మేలు. 8 ఇన్‌పుట్‌లు చాలకపోతే, ఇంటర్‌ఫేస్‌లో ఆడాట్ ఆప్టికల్ ఇన్‌పుట్ (ఒకే కేబుల్‌లో పలు ఛానళ్లను అందుకునే డిజిటల్ ఇన్‌పుట్) ఉందేమో చూడండి. 48 కిలోహెర్ట్జ్ వరకు దాని ద్వారా మరో 8 ఛానళ్లు చేర్చవచ్చు.

ప్రశ్న అడిగినవారు

చాలా కృతజ్ఞతలు. ముందే రికార్డయిన ట్రాకులను వింటూ గాత్రం పాడించాలంటే, ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను మిక్సర్‌లోకి తిరిగి తీసుకురావచ్చా?

సమాధానం 1

తీసుకురావచ్చు, ఖాళీగా ఉన్న స్టీరియో ఛానలుకు కలపండి. అయితే మెయిన్ అవుట్‌పుట్ నుంచి ఇంటర్‌ఫేస్‌కు ఇప్పుడున్న కేబుళ్లను ముందుగా తీసేయాలి. అవి అలాగే ఉంటే పాత ట్రాకులు కొత్తదానిలో మళ్లీ రికార్డవుతాయి. ఆ ఇన్‌పుట్‌లకు సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ (రికార్డవుతున్నదాన్ని వెంటనే వినిపించడం) ఆన్‌లో ఉంటే సిగ్నల్ తిరిగిన దారినే తిరిగి ఫీడ్‌బ్యాక్ మొదలవుతుంది.

పాడేవారికి వారి గొంతును మిక్సర్ నుంచే వినిపించి, సాఫ్ట్‌వేర్‌లో గాత్రం ట్రాకుకు ఇన్‌పుట్ మానిటరింగ్‌ను ఆపేయండి. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి అందుకునే శబ్దపు ముక్క) అంటేనే సుమారు 5.3 మిల్లీసెకన్ల ఆలస్యం, రాకకూ పోకకూ కలిపితే అంతకు రెట్టింపు పైనే ఉంటుంది. రెండు దారుల్లోనూ గొంతు వినిపిస్తే పాడేవారు లయ పట్టుకోలేక ఇబ్బంది పడతారు.