పాత మిల్లింగ్ మెషిన్‌కు కొత్త కంట్రోల్: కంపెనీదా, లైనక్స్‌దా?

బాలానగర్_షెడ్డు:
మా షెడ్డులో కంప్యూటర్ ఆదేశాలతో లోహం కోసే జపాన్ సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్ ఒకటి ఉంది. ప్లేటు మీద 1984 అని ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. ఇనుము గట్టిది, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోలే ఏడిపిస్తోంది. పొద్దున స్విచ్ వేయగానే టేబుల్‌ను జరిపే సర్వో మోటార్ల అలారం వస్తుంది, అరగంట వేడెక్కాక పోతుంది. బోర్డు రెండుసార్లు బాగుచేయించాను. మూడోసారి పంపితే ఈ చిప్పులు ఇక దొరకవని వెనక్కి పంపారు. సర్వోలు డీసీవి, బ్రష్‌లు మారుస్తూ నెట్టుకొస్తున్నాం.

ఇప్పుడు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, కంపెనీ కంట్రోల్, అంటే సీమెన్స్ 828డీ లేదా ఫానుక్ 0ఐ పెట్టించి, మోటార్లు, వాటికి కరెంటు ఇచ్చే డ్రైవ్‌లతో సహా మార్చడం. ఆ కొటేషన్ మేము మెషిన్ కొన్న ధరను దాటింది. రెండోది, పాత మోటార్లు, డ్రైవ్‌లు ఉంచి, కంప్యూటర్ మీద లైనక్స్‌సీఎన్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడపడం. మాది డై ప్లేట్ల (అచ్చుల ప్లేట్ల) పని, కొలతలో తేడా 0.02 మి.మీ. దాటకూడదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

మైక్రాన్:
కంట్రోల్ సంగతి తర్వాత. డయల్ పెట్టి చూశారా? కట్టర్ తిరిగే స్పిండిల్‌కు, చిన్న కదలికనూ కొలిచే డయల్ గేజ్ బిగించి, ముల్లును టేబుల్ మీది బ్లాకుకు ఆనించండి. హ్యాండ్‌వీల్‌ను క్లిక్కుకు 0.01 మి.మీ. మీద పెట్టి ఒక వైపు పది క్లిక్కులు తిప్పండి. ఇప్పుడు వెనక్కి తిప్పుతూ ముల్లు ఎన్ని క్లిక్కులు కదలకుండా ఉందో లెక్కపెట్టండి, ఆ వదులే బ్యాక్‌లాష్. టేబుల్ మధ్యలో ఒకసారి, రెండు చివరలా ఒక్కోసారి. అది చూడకుండా కంట్రోల్ కొంటే, మోకాళ్ళు అరిగిన మనిషికి కొత్త కళ్ళజోడు కొన్నట్టే.

చర్లపల్లి_ప్రొడక్షన్:
కంపెనీ కంట్రోలే పెట్టించండి. మాకు 3 షిఫ్టులు నడుస్తాయి. రాత్రి రెండు గంటలకు మెషిన్ ఆగితే ఎవరికి ఫోన్ చేయాలో తెలియాలి. కంప్యూటర్‌తో నడిచే మెషిన్ ఒకటి మా దగ్గరా ఉండేది. చేసిన కుర్రాడు తెలివైనవాడే. బెంగళూరులో ఉద్యోగం రాగానే వెళ్ళిపోయాడు, ఫోన్ ఎత్తడం మానేశాడు. 5 నెలలు మెషిన్ మీద దుమ్ము పట్టింది. కస్టమర్‌కు నేను చెప్పుకున్న సమాధానాలు నాకింకా గుర్తున్నాయి. పైగా విండోస్ అప్‌డేట్ మధ్యలో వస్తే టూల్ విరుగుతుంది, జాబ్ పోతుంది.

తెరిచిన_ప్యానెల్:
లైనక్స్‌సీఎన్‌సీ విండోస్ మీద నడవదండీ. పేరులోనే ఉంది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పుట్టింది, మొదట ఈఎంసీ అనేవారు, 2011లో పేరు మారింది. ఆదేశం సరిగ్గా సమయానికి జరిగేలా చూసే రియల్‌టైమ్ కెర్నల్ మీద నడుస్తుంది.

షెడ్డు గారూ, మీ డ్రైవ్‌లు మైనస్ 10 నుంచి ప్లస్ 10 వోల్టుల సిగ్నల్ తీసుకునేవైతే మీసా కార్డు (కంప్యూటర్‌ను డ్రైవ్‌లకు కలిపే బోర్డు) ఒకటి చాలు. ఆ వోల్టేజీ అదే ఇస్తుంది, మోటారు ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్‌నూ అదే చదువుతుంది. ముందు మోటారు వెనక ఉన్నది ఎన్‌కోడరా, రిజాల్వరా చూడండి. అదే పని ఇంకోలా చేసే రిజాల్వర్ అయితే వేరే కార్డు కావాలి. సెట్టింగులన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకుంటే కంప్యూటర్ కాలిపోయినా ఒక్క పూటలో ఇంకోటి పెట్టేయవచ్చు.

నాచారం_వైరింగ్:
ఎమర్జెన్సీ స్టాప్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అది సాఫ్ట్‌వేర్ గుండా పోకూడదు. బటన్ నొక్కితే కాంటాక్టర్ (పెద్ద కరెంటు స్విచ్) పడి డ్రైవ్‌ల కరెంటు నేరుగా పోవాలి. పైకీ కిందికీ కదిలే జెడ్ యాక్సిస్‌కు బ్రేక్ ఉంటే, కరెంటు పోగానే అదే పట్టుకోవాలి. ఏ కంట్రోల్ పెట్టినా ఇది తప్పదు.

బాలానగర్_షెడ్డు:
డయల్ పెట్టాను. ఎక్స్ (టేబుల్ పొడవు వైపు) మధ్యలో 4 క్లిక్కులు, చివరల్లో 2. వై (అడ్డం వైపు) అంతటా 2. కంట్రోల్‌లో బ్యాక్‌లాష్ సరిదిద్దుకోవచ్చు కదా?

మైక్రాన్:
మధ్యలో 0.04, చివర 0.02. మధ్యకు సరిదిద్దితే చివర ఎక్కువవుతుంది, చివరకు సరిదిద్దితే మధ్యలో తక్కువవుతుంది. రోజూ పని జరిగేది మధ్యలోనే కాబట్టి టేబుల్‌ను జరిపే స్క్రూ అక్కడే అరిగింది. చివరల్లో మిగిలిన ఆ 2 క్లిక్కులు స్క్రూను పట్టి ఉంచే బేరింగువి కావచ్చు. అదీ తేల్చుకోవచ్చు. స్క్రూ చివరి సెంటర్ రంధ్రంలో కొంచెం గ్రీజు రాసి, ఒక స్టీలు బాల్ అంటించండి. బాల్ మీద డయల్ ముల్లు పెట్టి టేబుల్‌ను ముందుకూ వెనక్కూ నడపండి. ముల్లు కదిలితే స్క్రూయే ముందుకూ వెనక్కూ జరుగుతోందన్నమాట, అంటే థ్రస్ట్ బేరింగు వదులైంది. మెషిన్లు తయారుచేసిన ప్రాగా టూల్స్ ఫ్యాక్టరీలో పనిచేసిన మేస్త్రి ఒకాయన నాకు ఇది నేర్పారు. ఆయన ఏ మెషిన్ దగ్గరికి వెళ్ళినా ప్యానెల్ కేసి చూసేవారు కాదు, మొదట చెయ్యి స్లైడ్ మీద పెట్టేవారు.

చర్లపల్లి_ప్రొడక్షన్:
బేరింగు మార్చుకుంటారు, సరే. అడిగింది కంట్రోల్ గురించి. సర్వీసు లేని కంట్రోల్ వద్దంటున్నాను. అప్‌డేట్‌లతో ఆడుకునే కంప్యూటర్ మీద కస్టమర్ ప్లేటు పెట్టలేం.

తెరిచిన_ప్యానెల్:
విండోస్ కాదని ఒకసారి చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను. ఇక సర్వీసు సంగతి. మా అన్నయ్య షెడ్డులో పేరున్న కంట్రోలే పెట్టించాం, బయటి పార్టీ చేత. మెషిన్ స్విచ్‌లను నడిపే లాడర్ ప్రోగ్రాముకు పాస్‌వర్డ్ పెట్టి వెళ్ళారు. ఏడాది తర్వాత కూలెంట్ పంపు కోసం ఒక్క ఎం-కోడ్ (ఆన్, ఆఫ్ చేసే ఆదేశం) చేర్చమంటే కొత్త మెషిన్ అమ్మినట్టు రేటు చెప్పారు. డబ్బు పెట్టి కొన్న మెషిన్‌కు తాళం వాళ్ళ దగ్గర, బిల్లు మా దగ్గర. మీ కుర్రాడు ఒక్కడు వెళ్ళిపోయాడని ఊళ్ళో కుర్రాళ్ళెవరినీ నమ్మకపోతే ఎలా?

చర్లపల్లి_ప్రొడక్షన్:
నమ్మకపోవడం కాదు. నేను నమ్మాను, అప్పు తెచ్చిన డబ్బుతో నమ్మాను. జీతాలు ఇచ్చే రోజు మెషిన్ ఆగి ఉంటే ఎలా ఉంటుందో మీకు తెలిసినట్టు లేదు. మీరు టెక్స్ట్ ఫైల్ అంటున్నారు. మా ఆపరేటర్ ఆ ఫైల్ తెరుస్తాడా? మీరు ఊళ్ళో లేని రోజు ఎవరు తెరుస్తారు?

తెరిచిన_ప్యానెల్:
నేర్పితే తెరుస్తాడు. ఆపరేటర్‌కు ఏమీ రాదనుకునేది మీరే.

కుషాయిగూడ_ఆపరేటర్:
ఇంతసేపూ చదువుతున్నాను. నేను 22 ఏళ్ళుగా మిల్లింగ్ ఆపరేటర్‌ని, బాలానగర్‌లోని సీఐటీడీ శిక్షణ సంస్థలో నేర్చుకున్నాను. మీరిద్దరూ ఆపరేటర్ గురించి మాట్లాడుతున్నారు, ఆపరేటర్‌ను అడగడం లేదు.

మా షెడ్డులో కంట్రోల్ మార్చినప్పుడు సోమవారం వచ్చేసరికి పాత ప్యానెల్ బయట పడి ఉంది. ఫీడ్ (కోత ముందుకు సాగే వేగం) తగ్గించే నాబ్ నా ఎడమ చేతికి అందేచోట ఉండేది. కట్టర్ శబ్దం మారగానే తెర చూడకుండానే చెయ్యి అక్కడికి పోయేది. కొత్తదానిలో ఫీడ్ తగ్గించాలంటే మౌస్. చేతికి నూనె, మౌస్‌కు నూనె. నాబ్ ఒకటి పెట్టండని అడిగితే పాస్‌వర్డ్ ఓనర్ దగ్గర ఉంది అన్నారు. కంపెనీదైనా ఇంతే, లైనక్స్‌దైనా ఇంతే. తాళం ఎవరి చేతిలో ఉంటుందన్నదే అసలు సంగతి.

షెడ్డు గారూ, మీ మెషిన్ నడిపే ఆయనను అడిగారా?

బాలానగర్_షెడ్డు:
అడగలేదు. నిజం చెబుతాను. ఆయన వచ్చే ఏడాది మానేస్తానంటున్నారు. ఏ జాబ్‌కు ఎంత ఆఫ్‌సెట్ (కొలత సవరణ), ఎక్స్ మధ్యలో ఎంత తేడా వస్తుంది, అన్నీ ఆయన డైరీలో ఉన్నాయి. కొత్త కంట్రోల్ వస్తే ఆ డైరీ అవసరం ఉండదనుకున్నాను. పైకి కంట్రోల్ పేరు చెప్పాను గానీ, ఆయన వెళ్తే అదంతా పోతుందన్నదే నా భయం.

మైక్రాన్:
డైరీలో ఉన్నది ఈ స్క్రూ అరుగుదల. కొత్త కంట్రోల్‌కు అది తెలియదు.

చర్లపల్లి_ప్రొడక్షన్:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను ఇంకోలా రాసేవాణ్ణి. మా కుర్రాడు వెళ్ళిపోయినప్పుడు మాకు కాగితం ముక్క కూడా మిగల్లేదు, మేము నష్టపోయింది అక్కడే. ఏ కంట్రోలైనా పెట్టించండి. వైరింగ్ బొమ్మలు, లాడర్ కాపీ, పాస్‌వర్డ్ చేతికి వచ్చాకే ఆఖరి వాయిదా ఇవ్వండి.

తెరిచిన_ప్యానెల్:
దీనితో ఏకీభవిస్తున్నాను. గొంతు పెంచినందుకు మన్నించండి. షెడ్డు గారూ, లైనక్స్ వైపు వస్తే ఫీడ్ నాబ్, హ్యాండ్‌వీల్ పాతవి ఉన్నచోటే ఉంచుదాం. వాటికి వైర్లు కలపడం పెద్ద పని కాదు. ఆయన ఉన్నప్పుడే వస్తాను.

బాలానగర్_షెడ్డు:
ఇవాళ బాల్ అంటించి చూశాం, ఆయనే పెట్టారు. ముల్లు 0.02 కదిలింది. ముందు బేరింగు మారుస్తున్నాం. స్క్రూ సంగతి ఆ తర్వాత. కంట్రోల్ ఏదన్నది నెలాఖరుకు తేలుస్తాను, ఆయన కూడా కూర్చుంటారు. ఆదివారం ఇద్దరం కలిసి ప్యానెల్‌లోని పారామీటర్లన్నీ (పాత కంట్రోల్ సెట్టింగులు) నోటుబుక్‌లో రాసుకుంటున్నాం, వాటిని చెరిగిపోకుండా నిలిపే బ్యాటరీ ఎప్పటిదో ఎవరికీ గుర్తులేదు.

నాచారం_వైరింగ్:
ముందు రాసుకోండి, తర్వాతే బ్యాటరీ మార్చండి. మార్చేటప్పుడు కంట్రోల్ పవర్ ఆన్‌లోనే ఉండాలి. ఆఫ్ చేసి తీస్తే రాసుకున్నదే దిక్కు.