ముందు సస్పెన్షన్ పని ఇంట్లోనే చేసుకోవచ్చా?

మా కారుకు పదకొండేళ్లు. గుంతల్లో ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమంటోంది. సస్పెన్షన్‌లోని చిన్న కడ్డీలు, అదే లింక్ రాడ్లు, నేనే మార్చాను, చప్పుడు సగం తగ్గింది. ఇప్పుడు చూస్తే షాక్ అబ్జార్బర్ నుంచి ఆయిల్ కారుతోంది, చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్ కీలు దగ్గరి బుష్ రబ్బరు చీలిపోయింది. షెడ్డులో అడిగిన లేబర్ నాకు భారం.

షాక్ అబ్జార్బర్ మార్చాలంటే దాని చుట్టూ ఉన్న స్ప్రింగ్‌ను నొక్కి పెట్టి విప్పాలి, టెన్షన్ అంతా దాని గురించే. నొక్కి పెట్టిన స్ప్రింగ్ జారితే ప్రాణాలకే ముప్పు కదా! స్ట్రట్లు (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసున్న భాగాలు) రెండూ నేనే విప్పి తీసుకెళ్లి, స్ప్రింగ్ పని మాత్రం షెడ్డులో చేయించుకుంటే సరిపోతుందా?

ఇంకోటి. బండి బరువు చక్రాల మీద పడ్డాకే బుష్ బోల్టు చివరిసారి బిగించాలట. లిఫ్ట్, గొయ్యి లేకుండా ఇంటి ముందు అదెలా చేస్తారు? జాకీని నమ్మలేక స్టాండ్లు కొన్నాను. పనయ్యాక చక్రాల అలైన్‌మెంట్ ఎలాగూ చేయిస్తాను. చేసినవాళ్లు దయచేసి చెప్పండి.