విజన్‌ఫైవ్ 2 బోర్డులో ఏ లినక్స్ వేయాలి? కంపెనీ ఇమేజా, డెబియన్ 13ఆ?

పల్లెపాలెం_బాబు

అన్నలకు నమస్తే. బెంగుళూరులో ఉండే మా బావ విజన్‌ఫైవ్ 2 బోర్డు ఒకటి కొన్నాడు, 8 జీబీ ర్యామ్‌ది, నాలుగు రోజులు ఆడుకున్నాక మోజు తీరిపోయి నాకిచ్చాడు. ఇంటెల్ కాదు ఆర్మ్ కాదు, రిస్క్-వీ ప్రాసెసర్. నాకు రాస్ప్‌బెర్రీ పై అలవాటే గానీ ఇది కొత్త. పని ఏందంటే, కొత్తపట్నం పక్కన మా చిన్నాన్నకి రొయ్యల గుంటలు ఉన్నాయి, గట్టు మీద మోటారు షెడ్డులో దీన్ని పెట్టి ఆక్సిజన్ సెన్సర్ చదివించాల, తెల్లారుజామున రీడింగ్ 4 కిందకి పడిందంటే ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మోటార్లు) వేయమని ఫోనుకి మెసేజ్ రావాల. సెన్సర్ ఆర్ఎస్485ది (వైర్ల మీద రీడింగ్ పంపే రకం), యూఎస్‌బీ కన్వర్టర్ కూడా ఉంది. అంతవరకు బాగానే ఉంది గానీ లినక్స్ ఏది వేయాలో తేలడంల్యా. ఒకడు బోర్డు కంపెనీ ఇచ్చే ఇమేజ్ వేసుకో, స్క్రీన్ పెట్టగానే వస్తది అంటాడు, ఇంకొకడు దాని జోలికి పోవద్దు డెబియన్ 13 వేసుకో అంటాడు. ఎవురి మాట వినాల?

మార్కాపురం_పలక

డెబియన్ 13. ఇందులో ఆలోచించేదేం లేదు బాబూ.

2025 ఆగస్టు 9న వచ్చిన ట్రిక్సీ (డెబియన్ 13కి ఇంకో పేరు) నుంచి రిస్క్-వీ 64 బిట్ డెబియన్‌లో అధికారికంగా ఉంది, అంతకుముందు పోర్ట్స్ అనే అనధికార విభాగంలో ఓ మూల పడుండేది. అంటే ఇంటెల్ మిషన్‌కి వచ్చే ప్యాకేజీలు, వాటి సెక్యూరిటీ ప్యాచ్‌లు దీనికీ వస్తాయి, కనీసం మూడేళ్ళు ఆ బాధ్యత వాళ్ళది. కంపెనీ ఇమేజ్ కూడా పేరుకి డెబియనే, కాకపోతే ఏదో ఒక పాత తేదీ స్నాప్‌షాట్ దగ్గర కట్టేసిన డెబియన్, పైన వాళ్ళ సొంత కర్నెల్ (లినక్స్ గుండెకాయ), మొదట్లో వచ్చినవి 5.15 వెర్షన్. అలవాటు కొద్దీ ఏపీటీ (డెబియన్‌లో ప్యాకేజీలు వేసే కమాండ్) అప్‌గ్రేడ్ కొట్టావా, వాళ్ళు మార్చి పెట్టిన గ్రాఫిక్స్ ప్యాకేజీల మీద మామూలు డెబియన్‌వి వచ్చి కూర్చుంటాయి, డెస్క్‌టాప్ పోద్ది. అప్‌గ్రేడ్ చేయకుండా వదిలేస్తే నెట్‌కి తగిలించిన డబ్బా ప్యాచ్‌లు లేకుండా ఏళ్ళ తరబడి షెడ్డులో పడుంటది. నువ్వు పెట్టేది గుంట గట్టు మీద, ప్రతిసారీ పోయి చూడలేవు.

ఉదయగిరి_గరిటె

పలక గారూ, సగమే చెప్పి వదిలేశారు. డెబియన్ 13 కర్నెల్ 6.12. ఈ బోర్డులో ఉండే జేహెచ్7110 చిప్‌కి హెచ్‌డీఎంఐ డ్రైవర్ అందులో లేదు. బోర్డుకి టీవీ తగిలిస్తే నల్లగానే ఉంటుంది. లోపల లినక్స్ శుభ్రంగా నడుస్తూనే ఉంటుంది, కానీ ఆ సంగతి కొత్తవాడికి ఎట్టా తెలుస్తుంది? బోర్డు పోయిందనుకుని డబ్బాలో పెట్టేస్తాడు. ఇక దాంట్లో ఉండే ఇమాజినేషన్ కంపెనీ జీపీయూ (గ్రాఫిక్స్ భాగం) సంగతి చెప్పక్కర్లేదు, అది పనిచేయాలంటే ప్రస్తుతానికి కంపెనీ ఇమేజే దిక్కు.

నేను పాలిటెక్నిక్‌లో చెప్తాను. మా ల్యాబ్‌లో పిల్లలకి ఇట్టాంటి బోర్డులు ఇచ్చినప్పుడు మొదటి గంటలో తెర మీద ఏదో ఒకటి కనపడాలి, లేకపోతే రెండో గంటకి సగం మంది ఫోన్లలో ఉంటారు. కంపెనీ ఇమేజ్‌ని కార్డు మీద రాసి, యూజర్ పేరు యూజర్, పాస్‌వర్డ్ స్టార్‌ఫైవ్ కొడితే డెస్క్‌టాప్ వస్తుంది. పాతదైతే ఏంటి, నేర్చుకోడానికి అది చాలు.

ఒంగోలు_గిత్త

ఏంది సామీ మీ గొడవ, ఆక్సిజన్ సెన్సర్ చదవడానికి నాలుగు కోర్లు 8 జీబీ ర్యామ్ ఎందుకు? ఒక ఈఎస్పీ32-సీ3 (వైఫై ఉండే చిన్న మైక్రోకంట్రోలర్) తీసుకుని ఆర్ఎస్485 చిప్ తగిలిస్తే అయిపోయె. కరెంటు పోయి వస్తే సెకన్లో లేస్తది, చెడిపోవడానికి ఎస్‌డీ కార్డే ఉండదు, ఇంత పెద్ద ఓఎస్సే ఉండదు. రిస్క్-వీ మీద మోజంటారా, ఆ సీ3 లోపల ఉండేది కూడా రిస్క్-వీ కోరే. పోయి చూసుకోండి.

పల్లెపాలెం_బాబు

గిత్తన్నా నువ్వు చెప్పేది నిజమే గానీ బోర్డు ఊరికే వచ్చింది కదా, దాన్ని అటక మీద పెట్టలేను. ఇంకోటి, చిన్నాన్నకి రీడింగులు ఒక్కటే చాలవు, నెల మొత్తం గ్రాఫ్ చూడాలంటాడు, మేత లెక్కలు కూడా అందులోనే రాసుకోవాలంటాడు, షెడ్డులోనే చిన్న వెబ్ పేజీ నడిస్తే ఫోన్ వైఫైలో తెరిచి చూసుకుంటాడు. నెట్ పోయినా అది నడవాల. అందుకని లినక్స్ కావాల్సిందే.

గూడూరు_నిమ్మకాయ

మధ్యలో వస్తున్నా ఏమనుకోవద్దు. ఉబుంటు 25.10 వేసుకోవచ్చు కదా? కొత్తది గదా, హెచ్‌డీఎంఐ కూడా వచ్చేసుంటది అందులో. ఇంకో మాట, రిస్క్-వీ అంటే మన స్వదేశీ చిప్ కదా, ఐఐటీ మద్రాస్ వాళ్ళు శక్తి అని చేశారు, మన వాళ్ళు సపోర్ట్ చేయాలి.

మార్కాపురం_పలక

నిమ్మకాయా, రెండూ కుదరవు.

ఉబుంటు 25.10 నుంచి ఆర్‌వీఏ23 అనే ప్రొఫైల్ (చిప్‌లో ఏయే ఇన్‌స్ట్రక్షన్లు ఉండాలో చెప్పే జాబితా) ఉండే చిప్‌లకే తయారు చేస్తున్నారు. ఆ ప్రొఫైల్ ఖరారైందే 2024 అక్టోబర్‌లో, వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు (ఒకేసారి చాలా అంకెల మీద లెక్క చేసేవి) అందులో తప్పనిసరి. ఈ జేహెచ్7110లో ఉండే యూ74 కోర్లకి వెక్టరే లేదు, ఇంక ఆర్‌వీఏ23 యాడ నుంచి వస్తది. ఉబుంటే కావాలంటే 24.04 దగ్గర ఆగిపోవాల. డెబియన్ మాత్రం ఇట్టాంటి పాత చిప్‌ల కనీస స్థాయికే కడతా ఉంది, ఈ బోర్డుకి దాన్ని చెప్పడానికి అదొక పెద్ద కారణం.

స్వదేశీ సంగతి. రిస్క్-వీ 2010లో బర్కిలీలో మొదలైన ఇన్‌స్ట్రక్షన్ సెట్, అంటే ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆజ్ఞల పట్టిక, లైసెన్స్ డబ్బులు కట్టకుండా ఎవురైనా దాని మీద చిప్ చేసుకోవచ్చు. ఐఐటీ మద్రాస్ శక్తి, సీడాక్ వేగా అట్టా చేసినవే, 2022లో కేంద్రం డీఐఆర్-వీ అని ప్రోగ్రామ్ కూడా పెట్టింది, సంతోషం. కానీ ఈ బోర్డు మీద ఉండే చిప్ చైనా కంపెనీది, లోపల కోర్లు అమెరికా సైఫైవ్ వాళ్ళవి, ఆ కోర్ డిజైన్ ఓపెనూ కాదు. ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఓపెన్ అయినంత మాత్రాన చిప్ ఓపెన్ కాదు. దేశభక్తితో ఈ బోర్డు కొనేది ఏమీ లేదు.

ఉదయగిరి_గరిటె

అది బాగా చెప్పారు. కానీ నా ప్రశ్నకి జవాబు రాలేదు. తెర లేకుండా డెబియన్ ఎట్టా ఎక్కిస్తాడో చెప్పండి, అందరూ చూస్తారు.

మార్కాపురం_పలక

చెప్తా. సీరియల్ కేబుల్ కావాల, యూఎస్‌బీ టీటీఎల్ అని అడిగితే ఎలక్ట్రానిక్స్ కొట్లో ఇస్తారు. 3.3 వోల్టులదే తీసుకో బాబూ, 5 వోల్టుల సిగ్నల్ ఇచ్చావంటే పిన్ను కాలిపోద్ది. 40 పిన్నుల వరసలో 6 గ్రౌండు, 8 బోర్డు పంపేది, 10 బోర్డు తీసుకునేది. కేబుల్ టీఎక్స్ (పంపేది) బోర్డు ఆర్ఎక్స్‌కి (తీసుకునేది), ఆర్ఎక్స్ టీఎక్స్‌కి, ఎర్ర వైరు దేనికీ తగిలించకు. ల్యాప్‌టాప్‌లో మినికామ్ అనే సీరియల్ ప్రోగ్రామ్ తెరిచి స్పీడు 115200 పెట్టు. పవర్ ఇవ్వగానే అక్షరాలు జారతాయి, హెచ్‌డీఎంఐ లేని లోటు ఆడ తీరిపోద్ది.

ఇది పీసీలో బయోస్ మాదిరి కాదు. చిప్ లోపలి రోమ్ ముందు లేస్తది, అది ఎస్‌పీఎల్ అనే చిన్న ముక్కని తెస్తది, అది ర్యామ్‌ని లేపి ఓపెన్‌ఎస్‌బీఐ అనే ఫర్మ్‌వేర్‌ని, దాని వెనకాల యూ-బూట్ అనే బూట్‌లోడర్‌ని తెస్తది, యూ-బూట్ గ్రబ్ అనే ఇంకో బూట్‌లోడర్‌ని, గ్రబ్ కర్నెల్‌ని. ఎస్‌పీఎల్, యూ-బూట్ రెండూ బోర్డు మీద ఉండే ఎస్‌పీఐ ఫ్లాష్ అనే చిన్న మెమరీ చిప్‌లో ఉంటాయి. బోర్డు కొన్నప్పటివి అయితే పాతవై ఉంటాయి, చాలామంది పడిపోయేది ఇక్కడే, డెబియన్ తప్పు కాదు అది, పాత యూ-బూట్‌కి కొత్త ఇన్‌స్టాలర్‌ని ఎట్టా లేపాలో తెలియకపోవడం. కాబట్టి ముందు ఫ్లాష్‌ని కొత్త చెయ్యి. ఆ తర్వాత బోర్డు మీద ఉండే రెండు చిన్న స్విచ్‌లు రెండూ సున్నా వైపు, అంటే ఫ్లాష్ నుంచి బూట్. డెబియన్ రిస్క్-వీ నెట్‌ఇన్‌స్ట్ (మిగతా ప్యాకేజీలు నెట్ నుంచి తెచ్చుకునే చిన్న ఇన్‌స్టాలర్) ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్ మీదకో కార్డు మీదకో డీడీ కమాండ్‌తో రాసి పెడితే సీరియల్ తెరలోనే ఇన్‌స్టాలర్ వస్తది, లాన్ కేబుల్ పెట్టుకో. చివర్లో గ్రబ్‌ని రిమూవబుల్ మీడియా దారిలో కూడా పెట్టమంటావా అని అడుగుద్ది, అవును అను. యూ-బూట్ బయోస్ లాగా బూట్ ఎంట్రీలు గుర్తు పెట్టుకుంటదని నమ్ముకోవద్దు.

డీడీ కొట్టేముందు ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్కుల జాబితా చూపే కమాండ్) కొట్టి ఏ డిస్కో చూసుకోండయ్యా, ఎవురి ల్యాప్‌టాప్ డిస్కు వాళ్ళు తుడుచుకుని నన్ను తిట్టొద్దు.

ఉదయగిరి_గరిటె

ఫ్లాష్‌ని కొత్త చెయ్యి అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది ఎట్టా చేస్తారు? కార్డు మీద కంపెనీ ఇమేజ్ వేసుకుని, దాంట్లో బూట్ అయి, ఫ్లాష్‌సీపీ కమాండ్‌తో ఎంటీడీ డివైజ్ (లినక్స్‌కి ఆ ఫ్లాష్ కనపడే పేరు) మీదకి ఎక్కిస్తారు. చాలామంది చేసేది అదే కదా. అంటే కంపెనీ ఇమేజ్ జోలికి పోవద్దని చెప్పే మీరే దాన్ని వాడమంటున్నారు :)

మార్కాపురం_పలక

నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కుతాం, ఎక్కినాక నిచ్చెన మీద కాపురం పెట్టం గదా మాష్టారూ. ఫ్లాష్ చేయడానికి ఒకసారి వాడుకుంటాం. అసలు అది కూడా అక్కర్లేదు, సీరియల్‌లో యూ-బూట్ దగ్గర ఆపి ఎస్ఎఫ్ అనే ఫ్లాష్ కమాండ్లతో రాసుకోవచ్చు. మధ్యలో కరెంటు పోయి ఫ్లాష్ చెడినా భయం లేదు, స్విచ్‌లు రెండూ ఒకటి వైపు పెడితే యూఆర్ట్ మోడ్, అంటే సీరియల్ నుంచి బూట్, సీరియల్‌లో సీ అక్షరాలు వరసగా పడతాయి, అప్పుడు ఎక్స్‌మోడెమ్ అనే ఫైల్ పంపే పద్ధతిలో రికవరీ ఫైల్ పంపితే లేస్తది. ఈ చిప్‌లో నాకు నచ్చేది అదే, దీన్ని పూర్తిగా చంపడం కష్టం.

ఒంగోలు_గిత్త

సరే లినక్సే అన్నారు కాబట్టి చెప్తా వినండి. డిస్ట్రో గొడవ తర్వాత, ఆ షెడ్డులో ముందు చంపేది కరెంటు. ఏరేటర్ మోటారు ఆన్ అయినప్పుడల్లా వోల్టేజ్ గుద్దుకుంటది, రోజుకి ఎన్నిసార్లు పోయి వస్తదో లెక్కుండదు, రాసే మధ్యలో పోతే ఎస్‌డీ కార్డు ఖతం. ఈ బోర్డు కింద ఎం.2 స్లాట్ ఉంది, చిన్న ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ వేసి రూట్ (లినక్స్ మొత్తం ఉండే చోటు) దాని మీద పెట్టు. లాగ్‌లు ర్యామ్‌లో పెట్టి గంటకోసారి డిస్కుకి రాయి. ఫోన్ ఛార్జర్ పెట్టొద్దు, 5 వోల్టు 3 ఆంపులది గట్టిది పెట్టి ముందు చిన్న యూపీఎస్ వెయ్యి. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు లోపల ఎట్టా ఉంటదో నీకు చెప్పాల్నా, హీట్‌సింక్ లేకుండా పెట్టకు. సముద్రపు గాలికి ఉప్పు పట్టి కనెక్టర్లు పచ్చబడతాయి, రబ్బరు అంచు ఉండే ప్లాస్టిక్ డబ్బాలో మూయి. మూస్తే వేడి, తెరిస్తే ఉప్పు. అందుకే ఈఎస్పీ32 అన్నా నేను, అది వేడెక్కేదే తక్కువ.

గూడూరు_నిమ్మకాయ

పైథాన్ పనిచేస్తదా దీంట్లో? మా తమ్ముడు ఇట్టాంటి బోర్డు మీదే పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు తెచ్చే కమాండ్) నమ్‌పై అనే లెక్కల లైబ్రరీ వేస్తే ఎంతసేపటికీ అవలేదంట.

ఉదయగిరి_గరిటె

పనిచేస్తుంది, పిప్ దారి వేరు. చాలా లైబ్రరీలకి రిస్క్-వీకి సిద్ధంగా కట్టిన వీల్ ఫైళ్ళు దొరకవు, అప్పుడు పిప్ సోర్స్ తెచ్చుకుని బోర్డు మీదే కంపైల్ చేస్తూ కూర్చుంటుంది. ఏపీటీలో వచ్చే పైథాన్ ప్యాకేజీ వేసుకుంటే నిమిషంలో అయిపోతుంది. డాకర్ (ప్రోగ్రామ్‌లని సిద్ధం చేసిన పెట్టెల్లో నడిపేది) కూడా ఇంతే, అన్ని ఇమేజ్‌లకీ రిస్క్-వీ రకం ఉండదు. బాబుకి కావాల్సిన పైమోడ్‌బస్ (సెన్సర్ చదివే లైబ్రరీ), మస్కీటో (మెసేజ్‌లు చేరవేసేది) రెండూ డెబియన్‌లో ఉన్నాయి.

ఆ లెక్కన షెడ్డు పనికి డెబియన్ అనడానికి నాకు అభ్యంతరం లేదు, అక్కడ తెర చూసేవాడే లేడు. ల్యాబ్‌కి మాత్రం నేను మార్చను. పిల్లలకి సీరియల్ కేబుల్ రెండో నెలలో ఇస్తాను.

మార్కాపురం_పలక

మొదటి రోజే ఇవ్వాల మాష్టారూ, అక్షరాలు జారతా ఉంటే పిల్లకాయలకి బూట్ అంటే ఏందో కళ్ళకి కనిపిస్తది. డెస్క్‌టాప్ వాళ్ళు ఇంట్లో కూడా చూస్తారు.

ఉదయగిరి_గరిటె

అరవై మందికి అరవై కేబుళ్ళు మీరు కొనివ్వండి, ఇస్తాను.

పల్లెపాలెం_బాబు

కేబుల్ తెచ్చా అన్నలారా, కొట్టోడు దాని మీద చిన్న జంపర్ ఉంది, 3.3కి 5కి మార్చుకోవచ్చు అన్నాడు, 3.3 వైపు పెట్టా. పవర్ ఇస్తే అక్షరాలు వస్తున్నాయి, ఓపెన్‌ఎస్‌బీఐ అని పెద్దగా బొమ్మ మాదిరి కూడా వచ్చింది. ఆదివారం ఫ్లాష్ చేసి డెబియన్ ఎక్కిస్తా. గిత్తన్నా, యూపీఎస్ 12 వోల్టులది రౌటర్‌కి పెట్టేది ఒకటి ఇంట్లో ఉంది, దానికి 5 వోల్టుల కన్వర్టర్ వేస్తే సరిపోద్దా?

ఒంగోలు_గిత్త

కన్వర్టర్ 3 ఆంపులు నిజంగా ఇస్తదో లేదో లోడు పెట్టి మీటర్‌తో చూడు, మీద రాసింది నమ్మొద్దు. యూపీఎస్ కూడా అంత ఇవ్వగలదా చూసుకో. ఎన్‌వీఎంఈ కూడా ఉంటే ఇంకాస్త ఎక్కువే తాగుద్ది. చూసి రీడింగ్ ఇక్కడ పెట్టు.