1970, 80ల నాటి హారర్ పేపర్‌బ్యాక్‌లు: అట్టల మోజేనా, లోపల సరుకుందా?

ప్రశ్న:
ఈ మధ్య అమెరికా, బ్రిటన్‌లలో 1970, 80లలో వచ్చిన హారర్ పేపర్‌బ్యాక్‌ల మీద పడ్డాను. ఒకటి పూర్తవకముందే ఇంకోటి మొదలుపెడుతున్నా. మనుషుల్ని తినే ఎలుకలు, చూపులతోనే భయపెట్టే పిల్లలు, నవ్వే అస్థిపంజరాలు... అట్ట చూశాక చెయ్యి ఆగట్లేదు. భయం కథలు అంతకుముందూ ఉన్నాయి కదా, ఆ ఇరవై ఏళ్లలోనే ఇన్ని ఎందుకొచ్చాయి, తర్వాత ఎందుకు ఆగిపోయాయి? ఇంతకీ మనకు నచ్చేది కథలా, అట్టలా? చదివినవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు 1:
మూడు నవలలు దారి వేశాయండీ. 1967లో ఐరా లెవిన్ ‘రోజ్‌మేరీస్ బేబీ’, 1971లో విలియం పీటర్ బ్లాటీ ‘ది ఎక్సార్సిస్ట్’, అదే ఏడాది థామస్ ట్రయాన్ ‘ది అదర్’. అంతకుముందు ర్యాకుల్లో గోథిక్ రొమాన్స్‌లదే రాజ్యం: చీకట్లో పాత బంగళా, ఒకే ఒక్క కిటికీలో దీపం, దాని ముందు పరిగెత్తే అమ్మాయి. ఈ మూడూ భయాన్ని ఆ బంగళాలోంచి తీసి పక్కింటివాళ్లలో, కడుపులో బిడ్డలో, ఇంట్లో తిరిగే పిల్లల్లో పెట్టాయి. తర్వాత 1974లో స్టీఫెన్ కింగ్ ‘క్యారీ’ వచ్చింది. హార్డ్‌కవర్ అంతంతమాత్రంగానే పోయింది గానీ పేపర్‌బ్యాక్ హక్కులు 4 లక్షల డాలర్లు పలికాయి, ఆ పేపర్‌బ్యాక్ మొదటి ఏడాదిలోనే 10 లక్షల కాపీలు దాటింది. ఆ లెక్క చూశాక ఏ పబ్లిషర్ ఊరుకుంటాడు? బ్రిటన్‌లో అదే ఏడాది జేమ్స్ హెర్బర్ట్ ‘ది ర్యాట్స్’ వచ్చింది. మీరు చదివిన ఎలుకలు బహుశా అవే.

జవాబు 2:
నా మటుకు నాకు అట్టే సగం కథ. ఈ పుస్తకాలు మందుల షాపుల్లో, సూపర్‌మార్కెట్లలో, ఎయిర్‌పోర్టుల్లో ఇనుప ర్యాకుల మీద అమ్ముడుపోయేవి, అటుగా నడిచే మనిషి కన్ను పడేది రెండు మూడు క్షణాలే. అందుకే ఉబ్బెత్తు అక్షరాలు, మెరిసే రేకు, అట్టకు రంధ్రాలు. స్టీఫెన్ కింగ్ ‘సేలమ్స్ లాట్’ తొలి పేపర్‌బ్యాక్ అట్ట మొత్తం నలుపు, తడిమితే తెలిసే అమ్మాయి ముఖం, పెదవి మీద ఒక్క ఎర్రటి రక్తపు చుక్క. 1979లో వి.సి. ఆండ్రూస్ ‘ఫ్లవర్స్ ఇన్ ది ఆటిక్’కు అట్టలో చిన్న కిటికీ కోసి అందులోంచి అమ్మాయి ముఖం కనిపించేలా చేశారు, తిప్పితే లోపల కుటుంబం అంతా ఉంటుంది. జీబ్రా బుక్స్ అనే పబ్లిషర్ వాళ్లయితే అస్థిపంజరాలనే నమ్ముకున్నారు. వాటిలో కొన్ని సాగదీసి రాసినవే, నేను సగంలో వదిలేసినవీ ఉన్నాయి, కానీ అట్టల కోసం దాచుకున్నాను.

జవాబు 3:
పైన ‘అట్టే సగం కథ’ అన్నదానితో నేను ఒప్పుకోను. మైకేల్ మెక్‌డోవెల్‌ని చదవండి. 1981లో వచ్చిన ‘ది ఎలిమెంటల్స్’లో అలబామా సముద్రతీరం, మూడు పాత ఇళ్లు, మూడోదాన్ని ఇసుక కొంచెం కొంచెంగా మింగేస్తుంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో భయం పుట్టించడం ఎంత కష్టమో ఆలోచించండి, ఆయన అది చేశాడు. అది నేరుగా పేపర్‌బ్యాక్‌గానే వచ్చింది. పెద్ద విమర్శకులు ఇటువైపు చూసేవాళ్లు కాదు కాబట్టి రచయితలకు ‘ఇలా రాయకూడదు’ అనేవాళ్లు తక్కువ, ఆ స్వేచ్ఛ పేజీల్లో తెలుస్తుంది. ఇంకో సంగతి, అప్పటి దెయ్యాల కొంపల కథల్లో ఉన్నది ఇంటి అప్పు టెన్షన్ కూడా. నిజ కథ పేరుతో 1977లో వచ్చిన ‘ది అమిటీవిల్ హారర్’లో కుటుంబం 80 వేల డాలర్లకు కొన్న ఇంట్లో 28 రోజులే ఉంటుంది. ఉన్నదంతా పెట్టి కొన్న ఇల్లే మీద పడితే ఎక్కడికి పోవాలి? ఆ భయం ఇప్పటికీ పాతబడలేదు.

జవాబు 4:
ఎందుకు ఆగిపోయాయంటే, 80ల చివరికి మార్కెట్లో మరీ ఎక్కువైపోయాయి. 1991లో ‘ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్’ సినిమా ఆడాక అందరూ సీరియల్ కిల్లర్ల వెంట పడ్డారు, పుస్తకం మీద ‘హారర్’ పోయి ‘థ్రిల్లర్’ వచ్చింది. నాకు బాధ కలిగించేది మాత్రం ఇంకొకటి. అమ్ముడుపోని మాస్ మార్కెట్ పేపర్‌బ్యాక్‌ని (ఇలా ర్యాకుల మీద అమ్మే చవక పుస్తకాన్ని) షాపువాళ్లు వెనక్కి పంపేవాళ్లు కాదు, అట్ట చింపి అదొక్కటే పంపితే డబ్బు లెక్కలో జమయ్యేది, మిగతా పుస్తకం గుజ్జు చెయ్యడానికి పోయేది. అంత కష్టపడి వేసిన అట్టలు అలా పోయాయి, ఆ చిత్రకారుల్లో చాలామంది పేరు పుస్తకంలో ఎక్కడా ఉండదు. 2017లో గ్రేడీ హెండ్రిక్స్ ఈ పేపర్‌బ్యాక్‌ల గురించే ‘పేపర్‌బ్యాక్స్ ఫ్రమ్ హెల్’ అనే పుస్తకం రాశాకే చాలామంది మళ్లీ వీటిని వెతకడం మొదలుపెట్టారు, వాలన్‌కోర్ట్ బుక్స్ కొన్నింటిని తిరిగి అచ్చువేసింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్ అండీ. ‘ది ఎలిమెంటల్స్’ నిన్న రాత్రి మొదలుపెట్టాను. మూడో ఇంటి కిటికీలోంచి లోపలికి తొంగిచూసే చోటికి వచ్చి పుస్తకం మూసేశాను. మిగతాది పగలే చదువుతాను.