ఆర్‌టీకే ఫిక్స్ ఉన్నా ఏబీ లైను ఎందుకు జరుగుతోంది?

ప్రశ్న: ట్రాక్టరుకు ఆర్‌టీకే (ఉపగ్రహాల సాయంతో సెంటీమీటర్ల కచ్చితత్వంతో స్థానం చెప్పే పద్ధతి) ఆటో స్టీరింగ్, గట్టు మీద దానికి సవరణలు పంపే సొంత బేస్ స్టేషన్. మొక్కజొన్న విత్తినప్పుడు సాళ్లు తిన్నగానే వచ్చాయి. గుంటక తోలేనాటికి అదే ఏబీ లైను (ఎ, బి అనే రెండు బిందువులతో గుర్తు పెట్టుకున్న దారి) 60 సెం.మీ. పక్కకు పోయింది. స్క్రీన్ మీద ఫిక్స్ (స్థానం కచ్చితంగా దొరికింది) అనే ఉంది.

జవాబు 1: అన్నా, ఫిక్స్ అంటే బేస్‌తో పోల్చితే సరిగ్గా ఉందని మాత్రమే. ఆన్ చేసిన ప్రతిసారీ బేస్ సర్వే-ఇన్ (తన స్థానాన్ని తానే కొత్తగా లెక్కకట్టుకోవడం) చేసుకుంటోందేమో చూడండి. ఆ లెక్కలో మీటరు దాకా తేడా మామూలే, లైన్లన్నీ అంతే జరుగుతాయి. గట్టున సిమెంటు దిమ్మ పోసి బోల్టు దింపండి, బేస్ యాంటెన్నా ఎప్పుడూ దాని మీదే. ఒక్కసారి 24 గంటలు సర్వే చేసి, వచ్చిన అక్షాంశం, రేఖాంశం, ఎత్తు ఫిక్స్‌డ్ మోడ్‌లో ఎక్కించండి. ఈ పంటకు మాత్రం ట్రాక్టరును సాలులో నిలిపి లైన్ షిఫ్ట్ నొక్కడమే.

జవాబు 2: తేడా 5 సెం.మీ. లోపైతే ట్రాక్టరు వాలు చూడాలి. ట్రాక్టరు మీది యాంటెన్నా 3 మీటర్ల ఎత్తునుంటే 1 డిగ్రీ ఒరిగినా అంత తప్పుతుంది. ముందు టైర్ల గాలి సరిచేసి, తర్వాతే టిల్ట్ క్యాలిబ్రేషన్ (వాలు కొలిచే సెన్సారును సరిచేయడం).

జవాబు 3: మొబైల్ సిగ్నల్ బాగుంటే సొంత బేస్ బదులు సర్వే ఆఫ్ ఇండియా కోర్స్ (శాశ్వత బేస్ స్టేషన్ల నెట్‌వర్క్) సేవ వాడొచ్చు. పంట మధ్యలో మాత్రం మారొద్దు, లైను మళ్లీ జరుగుతుంది.